చుక్క

విన్నిపెగ్ షెడ్డు నీడలో, మే నెల సగమైనా, ఇంకా మంచు.
బొగ్గుపొడి కప్పుకుని, నల్లగా, మొండిగా.

రివెట్లు కొట్టే చేతులు కావు నావి.
పదహారేళ్లు, బక్క ప్రాణం.
"చేతులు వద్దు, కళ్లివ్వు" అన్నాడు గిల్‌క్రైస్ట్ దొర.

నన్ను గూడ్సు పెట్టెలోకి ఎక్కించి
రెండు పక్కలా తలుపులు జరిపేస్తారు.
కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.
అందులో నిలబడి, తల వెనక్కి వాల్చి వెతకాలి.
ఉక్కు కప్పులో ఎక్కడైనా చుక్క మెరిస్తే
కర్ర చివర కట్టిన సుద్దతో దాని చుట్టూ సున్న చుట్టాలి.
పట్టపగలు చుక్కలు చూసే ఉద్యోగం.
వారానికి తొమ్మిది డాలర్లు.

ఆ తర్వాత పైన గొట్టం విప్పుతారు.
వెలుగు చుక్క దూరిన చోటే నీటి చుక్కా దూరుతుంది,
కాస్త ఆలస్యంగా,
దారి అడిగి తెలుసుకుని వచ్చినట్టు.

ప్రోకిప్ ముప్పై ఏళ్లు చెక్క కప్పులు వేసినవాడు.
గాడి తీసిన పలకలు, నడుమ తారు కాగితం, మళ్లీ పలకలు.
రేకులొచ్చాక సుత్తి మార్చుకున్నాడు గానీ మనసు మార్చుకోలేదు.
"రేకు కింద గోధుమకి ఊపిరాడదురా" అనేవాడు.
చెక్క కింద ఏమైందో మాత్రం ఒక్కసారే చెప్పాడు, అదీ తాగినప్పుడు:
మంచు కరిగే రోజుల్లో, ఫోర్ట్ విలియంలో తలుపు తీస్తే
గింజల మీద జానెడు మేర పచ్చని మొలక.
పెట్టెలోనే పండబోయిన పొలం.
కింద అంతా కుళ్లు కంపు. జీతంలో కోత.
ఆ మొలకల్ని టోపీలో పోసుకుని ఇంటికి తెచ్చాడట.
హాఫియా వాటిని పళ్లెంలో సర్ది కిటికీలో పెట్టి
ఈస్టర్ దాకా నీళ్లు చిలకరించిందట.

బండి వంపు తిరిగేటప్పుడు దాని ఒళ్లు మెలితిరుగుతుంది.
బయట నిలబడి చూసేవాడికి తెలియదు.
లోపల ఉన్న నాకు తెలుసు:
పరీక్ష కోసం ఒక మూల జాకీ పెట్టి లేపితే
కప్పంతా కీళ్లు విరుచుకున్న ముసలమ్మలా టకటకమంటుంది.
అందుకే రేకు అంచుల్ని పైకి మడిచి
టోపీ పట్టీ కింద దూర్చి వదిలేస్తారు,
గోరు పట్టేంత సందు ఉంచి.
కదలనివ్వాలి. కదలనిస్తేనే కారదు.

ఓ గురువారం ప్రోకిప్ నాతో పాటు లోపలికి ఎక్కాడు.
"చూద్దాం నీ ఆకాశం."
తలుపులు మూశారు.
అతని ఊపిరిలో ఉల్లిపాయ వాసన.
"చూశావా? ఒక్కటీ లేదు" అన్నాడు.

ఉంది.
సూదిమొనంత. అతని తలకి సరిగ్గా పైన.
అతని కళ్లకి పొర కమ్మిన సంగతి
షెడ్డులో ఎవరికీ తెలియదు, ఆ క్షణం దాకా నాకూ.

కర్ర ఎత్తాను. దించాను. మళ్లీ ఎత్తాను.
ఉక్కు మీద సుద్ద గీసుకున్న చప్పుడు
అతనికి వినబడకుండా ఎలా ఉంటుంది?

"ఎన్నో రేకు?"
"ఏడోది. ఎడమ అతుకు."
చాలాసేపు ఏమీ అనలేదు.
"నాదే" అన్నాడు.

పట్టీ ఎత్తి చూస్తే తుప్పు కాదు, పగులు.
నమ్మకం చాలక, వడ్రంగి అలవాటుకొద్దీ,
అదనంగా రెండు రివెట్లు బిగించాడు.
కదిలే చోటు లేక రేకు చిరిగింది.
వాటిని తనే ఉలి పెట్టి తెంపాడు,
వేళ్లతో తడుముకుంటూ.

ఆ బండి నంబరు నాకింకా గుర్తుంది. చెప్పను.
నలభై టన్నుల గోధుమ
చినుకు తగలకుండా సరస్సు దాకా పోయే ఉంటుంది.

మా బసకి మాత్రం పాత చెక్క కప్పే.
ఆ రాత్రి వాన పడితే
మంచం జరిపి, బొచ్చె పెట్టి,
చీకట్లో లెక్కపెడుతూ పడుకున్నాను
చుక్కలు.